హనుమక్క రిజిస్టరులో ఇరవై మూడో నంబరు

ముందే చెప్పేస్తున్నాను. మా చిన్నమ్మ హనుమక్క గురించి నేను నిష్పక్షపాతంగా రాయలేను. అలాంటి రాత కావలసినవాళ్ళు ఇంకెవరినైనా వెతుక్కోవచ్చు. ఆమె మా అమ్మకు చెల్లెలు. నన్ను పదో తరగతి దాకా తన ఇంట్లో పెట్టుకుని చదివించింది. కర్ణాటకలో కెంచార్లహళ్ళికి నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉన్న దిన్నెకిందపల్లి పాల సంఘంలో ఇరవై రెండేళ్ళుగా టెస్టరు. నేను చింతామణిలో పీయూసీ, అంటే ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్తాను. పేరు నాగరాజ్. నాకు కోపం ఎక్కువని కాలేజీలో అందరూ అంటారు. ఎక్కువే, కాదనను.

టెస్టరు అంటే ఏం చేస్తుందో చెప్పాలి. ఊళ్ళో పాలు పోసే ప్రతి సభ్యుడికీ ఒక నంబరు ఉంటుంది. పొద్దున ఆరుకూ సాయంత్రం ఐదుకూ క్యాన్లు తెచ్చి వరసలో నిలబడతారు. నంబరు చెప్పగానే చిన్నమ్మ పాలను గరిటెతో బాగా కలియబెట్టి, చిన్న సీసాలోకి కాస్త తీసి, మిషన్ కింద పెడుతుంది. వెన్న ఎంత శాతం ఉందో మిషన్ చూపిస్తుంది. దాన్ని ఊళ్ళో అందరూ ఫ్యాట్ అనే అంటారు, పాలకు ధర దాన్ని బట్టే. రిజిస్టరులో ఎడమ పక్క నంబరు, కుడి పక్క ఫ్యాట్ రాస్తుంది. పదిహేడు, నాలుగు పాయింట్ ఒకటి. యాభై రెండు, మూడు పాయింట్ ఎనిమిది. ఒక మనిషి ఎన్ని క్యాన్లు తెచ్చినా అన్నీ కలిపి ఒకే సీసా, ఒకే ఫ్యాట్. ఇది ఆమె పెట్టిన నియమం.

ఆమె చేరిన రోజుల్లో మిషన్ లేదు. గాజు గొట్టంలో ఆసిడ్ పోసి, దాని మీద పాలు పోసి, మూత బిగించి, గుడ్డలో చుట్టి ఊపి, చేత్తో తిప్పే యంత్రంలో పెట్టి గిరగిరా తిప్పితే వెన్న విడిపోయి పైకి తేలేది. ఆ పని ఆడదాని చేతికి ఇవ్వకూడదని అప్పటి పెద్దలు గొడవ చేశారు. చేసి ఏం లాభం, ఆ పనికి వచ్చిన ఎస్సెస్సెల్సీ పాసైనవాళ్ళు ముగ్గురే, అందులో ఇద్దరు బెంగళూరు వెళ్ళిపోయారు. మిగిలింది ఈవిడ. మొదటి నెలలోనే మూడు చీరలకు ఆసిడ్ చుక్కలు పడి చిల్లులయ్యాయి. ఆ చీరలు కట్టుకునే పెళ్ళిళ్ళకు కూడా వెళ్ళేది. ఎవరైనా అడిగితే నా పనిలో పడినాయి అని చెప్పేది.

చేరిన ఏడాదే వాళ్ళ అత్త ఒక పొద్దున క్యాన్‌లో చెంబుడు నీళ్ళు కలిపి పంపింది. కోడలే కదా చూసేది అని ధైర్యం. ఫ్యాట్ రెండు పాయింట్ తొమ్మిది వచ్చింది. చిన్నమ్మ అదే అంకె రాసి, క్యాన్ వెనక్కి పంపించేసింది. అత్త మూడు రోజులు కోడలితో మాట్లాడలేదు, తన సంగటి తనే కెలుక్కుని తిన్నది. నాలుగో రోజు పాలు చిక్కగా వచ్చాయి. ఆ తర్వాత ఊళ్ళో ఎవరూ చిన్నమ్మను ఒక పాయింట్ ఎక్కువ రాయమని అడగలేదు.

మా చిన్నాయన మంజునాథ కూడా వరసలో నిలబడి నంబరు చెప్పాల్సిందే. ఇన్నేండ్లు సంసారం చేసినాక నా నంబరు తెలీదా నీకు అని ఆయన విసుక్కునేవాడు. ఆమె తల ఎత్తకుండా నంబరు చెప్పమనేది. ఆయన చెప్పేవాడు. వెనకాల ఉన్నవాళ్ళు నవ్వేవాళ్ళు.

ఇలాంటి మనిషి మీద పోయిన ఏడాది మాట వచ్చింది.

సంఘాలను తనిఖీ చేయడానికి డెయిరీ నుంచి కొత్తగా కిశోర్ అనే సూపర్‌వైజరు వచ్చాడు. చిక్కబళ్ళాపురం వైపు కుర్రవాడు, చదువుకున్నవాడు, పనిమంతుడే. ఒక గురువారం సంఘానికి వచ్చి రిజిస్టరు తిరగేశాడు. ఆ పొద్దున ఐదుగురికి నాలుగు పాయింట్ ఒకటే ఉంది. ముందు రోజు చూశాడు, ఆరుగురికి మూడు పాయింట్ తొమ్మిది. ఇంకా వెనక్కి వెళ్ళాడు, ఏ పూట చూసినా నలుగురైదుగురికి ఒకే అంకె. ఎవరి పాలు వాళ్ళవి అయినప్పుడు ఫ్యాట్ అందరికీ వేరువేరుగా ఉండాలి గదా, ఈవిడ సీసా పెట్టకుండానే నోటికొచ్చింది రాస్తోందని అనుకున్నాడు. సంఘం అధ్యక్షుడు మునికృష్ణప్పతో ఆ మాటే అన్నాడు. ఆదివారం సభ్యులందరి ముందు విచారిస్తాననీ, సంజాయిషీ సరిగా లేకపోతే టెస్టరును మార్చాల్సి ఉంటుందనీ చెప్పి వెళ్ళాడు. సాయంత్రం పాల వేళకు ఈ సంగతి ఊరంతటికీ తెలిసిపోయింది.

చిన్నాయన ఫోన్ చేశాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. శనివారం మధ్యాహ్నం క్లాసు వదలగానే బండి వేసుకుని వెళ్ళాను. చిన్నమ్మ ఇంట్లో లేదు, సంఘం వసారాలో కూర్చుని సీసాలు కడుగుతోంది. ఎవరా కిశోర్, వాడికి లెక్కలు ఎవరు చెప్పారు, వాణ్ణి నా ముందుకు రమ్మను అని నేను ఎగిరాను. ఆమె ఇంకో సీసా తీసుకుని కడిగింది. నాకు కోపం వస్తే నోరు ఆగదు, ఆమెకు బాధ కలిగితే నోరు పెగలదు. చివరికి సీసా కింద పెట్టి చెప్పింది.

"పని పోతే పోనీ నాగరాజూ. చూడకుండా రాసింది అంటాండారు. ఆ మాట నేను పోయినాక కూడా ఈ ఊర్లో ఉండిపోతాది."

అప్పుడు నేను తగ్గాను. రిజిస్టరు తెమ్మన్నాను.

ఇక్కడ నా పాఠం కొంచెం చెప్పక తప్పదు. ఫస్ట్ పీయూసీలో ఒక లెక్క ఉంటుంది. కొన్ని జతలు ఇస్తారు. ప్రతి జతలో మొదట ఒక అంకె, తర్వాత ఒక అంకె. ఈ జతల గుంపు ఫంక్షన్ అవునా కాదా చెప్పమంటారు. ఆంధ్రా పుస్తకాల్లో దాన్నే ప్రమేయం అంటారు. చూడాల్సింది ఒక్కటే. మొదటి అంకె ఏది తీసుకున్నా దానికి జత ఒక్కటే ఉండాలి. రెండో అంకె ఎన్నిసార్లు తిరిగి వచ్చినా ఫరవాలేదు. ఒకటికి ఐదు, రెండుకూ ఐదు, మూడుకూ ఐదు అంటే అది మంచి ఫంక్షనే. ఒకటికి ఐదు, మళ్ళీ ఒకటికే ఆరు అంటే కాదు. ఇంత సులభమైన సంగతిని మా పిల్లల్లో సగం మంది ప్రతి ఏడూ తలకిందులు చేస్తారు. కుడి పక్క ఐదు మూడుసార్లు కనబడగానే కాదు అని రాసేస్తారు. పద్దెనిమిదేళ్ళుగా ఆ తప్పు కింద ఎర్ర గీతలు గీసి గీసి నా చెయ్యి పడిపోయింది. ఇప్పుడు చూస్తే సూపర్‌వైజరు చేసిందీ అదే తప్పు.

చిన్నమ్మకు ఇదంతా చెప్పాను. నీ రిజిస్టరు కూడా జతలే, నంబరు మొదటిది, ఫ్యాట్ రెండోది. ఈ ఊళ్ళో పాలు పోసేవాళ్ళు ఎనభై నాలుగు మంది. ఫ్యాట్ మూడు పాయింట్ రెండు నుంచి నాలుగు పాయింట్ ఎనిమిది దాకా వస్తుంది. అంటే పదిహేడు అంకెలు. ఎనభై నాలుగు మందిని పదిహేడు కుర్చీల్లో కూర్చోబెడితే ఒక్కో కుర్చీలో నలుగురైదుగురు కూర్చోక ఏం చేస్తారు? అందరికీ వేరువేరుగా ఉంటేనే నువ్వు దొంగ రాత రాసినట్టు. ఆమె నిదానంగా విన్నది. ఇది తనకు ఎప్పుడో తెలిసిన సంగతేననీ, పేర్లు తెలియవంతేననీ అన్నది. మొహంలో కాస్త వెలుగు వచ్చింది.

నేను అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఆగలేదు. కిశోర్ నోరు మూయించాలంటే పక్కాగా ఉండాలని, గురువారం పొద్దుటి పేజీని నంబర్ల వరసలో తిరగరాయడం మొదలుపెట్టాను. రిజిస్టరులో వచ్చినవాళ్ళు వచ్చినట్టు ఉంటారు. ముందు అరవై ఒకటి, తర్వాత తొమ్మిది, తర్వాత నలభై. వాటిని ఒకటి నుంచి సర్దుకుంటూ వచ్చాను. ఇరవై రెండు అయింది. ఇరవై మూడు రాశాను, మూడు పాయింట్ ఏడు. ఇరవై నాలుగు వెతుకుతుంటే పేజీ అడుగున మళ్ళీ ఇరవై మూడు కనబడింది. నాలుగు పాయింట్ నాలుగు.

బుధవారం పేజీ తిప్పాను. అక్కడా ఇరవై మూడు రెండుసార్లు, రెండు వేరు అంకెలు. మంగళవారమూ అంతే. ఎదురుగా కూర్చున్న చిన్నమ్మ వైపు చూశాను. ఆమెకు నేనేం చూశానో తెలిసిపోయింది. నాకు తెలుసు అన్నది.

ఇరవై మూడో నంబరు గోపాలప్పది. సంఘం పెట్టిన రోజున చేరిన మొదటి ముప్పై మందిలో ఆయనొకడు. మా ఊళ్ళో ఆ ముప్పై నంబర్లకూ ఒక పరువు ఉంది. ఇంటిపేరు బదులు నంబరుతో పిలుస్తారు, ఇరవై మూడోళ్ళ పిల్ల, పదకొండోళ్ళ అల్లుడు అని. తండ్రి పోతే ఆ నంబరు కొడుక్కు వస్తుంది. గోపాలప్ప పోయి రెండేళ్ళయింది. ఆయన కొడుకులు ఆదెప్ప, ఆంజనేయప్ప కర్మలు కాగానే గొడవపడి వేరయ్యారు. అన్నీ పంచుకున్నారు. నంబరు దగ్గర మాత్రం ఇద్దరూ పట్టుబట్టారు, నాయన నంబరు నాది అంటే నాది అని. అప్పుడు తల్లి చౌడమ్మ ఒక పొద్దున చిన్నమ్మ దగ్గరికి వచ్చి ఏడ్చింది. గొడ్లు పంచినారు, పొయ్యి పంచినారు, ఆయన నంబరొకటి పంచకుండా ఉండనీ తల్లీ అని. అప్పటి నుంచి పెద్దవాడు తెల్లారగానే వచ్చి, చిన్నవాడు వరస చివర వచ్చి, ఇద్దరూ ఇరవై మూడు అనే చెప్తారు. చిన్నమ్మ రాస్తుంది. అత్త మీద జాలి చూపని మనిషి చౌడమ్మ ఏడుపుకు కరిగింది.

రేపు ఆ నంబరు మీద పాలు చెడినాయని వస్తే ఏ ఇంటి పాలని చెప్తావు అని అడిగాను. చెప్పలేను, అదే తప్పు అన్నది.

నేను ఒక మాట అన్నాను. ఆ మాట ఇక్కడ రాయకుండా ఉండాలని చాలా అనిపించింది, అయినా రాస్తున్నాను. కిశోర్ కుడి పక్క చూస్తున్నాడు, ఎడమ పక్క చూడటం అతనికి తెలియదు, అతను అడిగినదానికి జవాబు చెప్పి గెలుద్దాం, ఇరవై మూడు గురించి నోరు మెదపొద్దు, వారం పోయాక మెల్లగా సర్దుకోవచ్చు అన్నాను.

చిన్నమ్మ రిజిస్టరు మూసింది.

"కాలేజీలో పిల్లోళ్ళకి ఇట్లే చెప్తాండావా నాగరాజూ?"

తల కొట్టేసినట్టయింది. ఇంటికి వెళ్ళి అన్నం తిన్నాం. ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు.

ఆదివారం పొద్దున కిశోర్ తన మిషన్ తెచ్చుకున్నాడు. ప్రతి ఒక్కరి పాల నుంచి తనూ ఒక సీసా తీసుకున్నాడు. చిన్నమ్మ ఒక పక్క, అతను ఒక పక్క. పాలు పోసినవాళ్ళు ఎవరూ ఇంటికి పోలేదు. వసారా నిండా జనం, మెట్ల మీద ఆడవాళ్ళు, గోడ దగ్గర నేను. ఎనభై పైచిలుకు సీసాలయ్యేసరికి ఎండ వసారాలోకి వచ్చేసింది. అతను తన అంకెలను, ఆమె అంకెలను సీసాల వరసలోనే పక్కపక్కన పెట్టి పై నుంచి కింది దాకా సరిచూశాడు. రెండు చోట్ల పాయింట్ ఒకటి తేడా. మిగతావన్నీ ఒకటే. అతని మిషన్‌లోనూ ఐదుగురికి నాలుగు పాయింట్ రెండు వచ్చింది, ఆరుగురికి మూడు పాయింట్ తొమ్మిది వచ్చింది.

కిశోర్ మొహం చిన్నబోయింది. అప్పుడైనా నేను ఊరుకోవచ్చు. ఊరుకోలేదు. పదిహేడు కుర్చీల లెక్క గట్టిగా, అందరికీ వినబడేటట్టు, తెలుగులో ఒకసారి, కన్నడలో ఒకసారి చెప్పాను. అతను లేచి, అందరి ముందూ, హనుమక్కమ్మా, తప్పు నాదే, మీ పరీక్షలో లోపం లేదు అన్నాడు. అది చెప్పడానికి ధైర్యం కావాలి, కుర్రవాడికి ఉంది. జనం గోల చేశారు. మునికృష్ణప్ప టీ తెప్పించమన్నాడు. నా ఛాతీ ఉప్పొంగింది. ఇక చాలు చిన్నమ్మా, ఇంటికి పోదాం అని మనసులో అనుకుంటున్నాను.

కిశోర్ తనిఖీ పుస్తకం తీసి రాయబోయాడు. చిన్నమ్మ లేచి నిలబడింది.

"ఆగండి సారూ. ఇంకొకటి ఉండాది. ఎడమ పక్క చూడండి. ఇరవై మూడు రెండు తూర్లు ఉండాది. పైన మూడు పాయింట్ ఆరు, కింద నాలుగు పాయింట్ ఐదు. పది నంబర్లకి ఒకే ఫ్యాట్ వస్తే అది గొడ్ల ఇష్టం. ఒక నంబరుకి ఒకే పూట రెండు ఫ్యాట్లు ఉంటే ఆ రిజిస్టరుకి అర్థం లేదు. రెండేండ్లుగా తెలిసే రాసినా."

టీ గ్లాసులు పంచుతున్న మనిషి కూడా ఆగిపోయాడు. ఇప్పుడెందుకమ్మా అది, అయిపోయింది కదా అని మునికృష్ణప్ప గొణిగాడు. మెట్ల మీద నుంచి చౌడమ్మ లేచి, అడిగింది నేను, ఆయమ్మను ఏమీ అనొద్దండి అని చేతులు జోడించింది. నువ్వు అడిగినావు, రాసింది నేను అని చిన్నమ్మ ఆమెను కూర్చోబెట్టింది.

కిశోర్ రెండు లైన్ల మీదా వేలు పెట్టి చూశాడు. అతనికి ఆమె మీద గౌరవం కలిగింది, ఎలాగైనా బయట పడేయాలని చూస్తున్నాడు. ఒకే నంబరు కదా, రెండూ కలిపి సగటు వేస్తే నాలుగు పాయింట్ సున్నా ఐదు, ఒకే లైనుగా రాసేద్దాం అన్నాడు. తెలివైన ఉపాయమే. నేనైతే ఒప్పుకునేవాణ్ణి.

"ఆ ఫ్యాట్ పాలు ఆ రెండిండ్లలో ఏ ఆవూ ఇయ్యలేదు సారూ" అన్నది చిన్నమ్మ.

ఎవరో నవ్వారు. నవ్వు సగంలో ఆగింది, ఎందుకంటే ఆమె నవ్వడం లేదు. అన్నదమ్ములిద్దరి వైపూ తిరిగింది. ఇద్దరు మనుషులు పాలు పోస్తే ఇద్దరికీ చెరొక నంబరు ఉండాలి, ఇరవై మూడు ఎవరికన్నది మీరే చెప్పండి, చెప్పకపోతే సాయంత్రం మీ ఇద్దరి పాలూ చూడను అన్నది. ఆదెప్ప చేతులు కట్టుకుని నేల చూస్తున్నాడు. ఆంజనేయప్ప తల్లిని చూశాడు. రెండేళ్ళుగా అన్నతో మాట లేనివాడు, అన్నతో కాకుండా చిన్నమ్మతోనే చెప్పాడు.

"నాకు కొత్తది రాయక్కా. అది అన్నకే ఉండనీ."

ఆదెప్ప అప్పుడు తల ఎత్తాడు. వాడి పాలే బాగుండాయి, వాడికే ఉండనీ అన్నాడు. వద్దు నీకే, లేదు నీకే అని మళ్ళీ మొదలైంది. చౌడమ్మ లేచి ఇద్దరినీ కలిపి తిట్టింది. చివరికి ఆంజనేయప్పకు ఎనభై ఐదో నంబరు పడింది. చిన్నమ్మ తన చేత్తోనే రాసింది.

టెస్టరును మార్చే అవసరం లేదని కిశోర్ అన్నాడు. ఎవరి చేతా చేతులెత్తించాల్సిన పని కూడా పడలేదు. జనం మొహాలు చూస్తేనే తెలిసిపోయింది. చిన్నాయన తువ్వాలుతో కళ్ళు తుడుచుకుని, ఎండ ఎక్కువగా ఉందన్నాడు. ఇంతమంది ముందు, గెలిచేసిన తర్వాత, తన తప్పు తనే బయటపెట్టిన మనిషి నాకు చిన్నమ్మ. పద్దెనిమిదేళ్ళుగా బోర్డు మీద నేను రాస్తున్న సంగతిని ఆమె ఆ రోజు తన పని పోయినా సరే అని నిలబడి చెప్పింది. ఎంత గర్వపడ్డానో చెప్పడానికి నాకు మాటలు చాలవు.

కిశోర్ తనిఖీ పుస్తకంలో కన్నడలో నాలుగు లైన్లు రాసి, పైకి చదివాడు. పరీక్షలు సరిగా ఉన్నాయి. ఇరవై మూడో నంబరు కింద ఇద్దరు పాలు పోయడం తప్పు. ఈ తప్పును టెస్టరు హనుమక్క స్వయంగా కనిపెట్టి తెలిపారు. సరిదిద్దడమైనది.

చిన్నమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"అట్ల రాయొద్దు సారూ. కనిపెట్టింది నేను గాదు, మా నాగరాజు. నిన్న మధ్యాహ్నం ఈడనే కూర్చుని కనిపెట్టినాడు. నేను రెండేండ్లు దాచినా. అట్లే రాయండి."

కిశోర్ నా వైపు తిరిగి, గౌరవంగా నా పూర్తి పేరూ కాలేజీ పేరూ అడిగాడు. నేను చెప్పాను. చెప్పకుండా ఎలా ఉండగలను? అతను పాత లైను కొట్టేసి కొత్తది రాశాడు. తప్పును కనిపెట్టినవారు లెక్కల ఉపన్యాసకులు నాగరాజ్, దాచినవారు టెస్టరు హనుమక్క. ఆమె కింద సంతకం పెట్టింది. దాచిపెట్టమని నేను చెప్పిన మాట మాత్రం ఆమె ఎవరికీ చెప్పలేదు, ఈ రోజుకూ చెప్పలేదు. ఆ పుస్తకం ఇప్పటికీ సంఘంలో ఉంది. తనిఖీకి వచ్చే ప్రతి అధికారీ ఆ లైను చదివి నన్ను మెచ్చుకుంటున్నాడట. అందుకే ఇదంతా నేను రాయాల్సి వచ్చింది.